ఎనిమిదేళ్లు చిన్నవాణ్ని

1957 ఏప్రిల్ 9, తాండూరు

 రైలు దిగి ఇంటికి నడిచొచ్చానో పరుగెత్తుకొచ్చానో నాకే తెలియదు. మా ఆవిడ శంకరమ్మ గడపలోనే ఆపి, "ఏందయ్యా గట్ల ఉరికొస్తున్నవ్, ఎవలన్న తరుముతున్నరా?" అంది. దాహంగా ఉందన్నాను. రెండు చెంబుల నీళ్లు తాగి ఈ పుస్తకం తీశాను.

వరసగా రాసుకోవాలి. లెక్కలు చెప్పేవాణ్ని, మెట్టు దాటకూడదు.

పొద్దున వికారాబాద్ పోయాను. బడుల ఇన్‌స్పెక్టర్ గారి కచ్చేరిలో ఉర్దూలో ఉన్న సర్వీసు పుస్తకాలు పక్కన పెట్టి ఇంగ్లీషులో కొత్తవి రాస్తున్నారు. సంతకం పెట్టి పొమ్మని కబురు వచ్చింది. ఏ మొహంతో రైలెక్కానో దేవుడికే తెలుసు. ఈ జూన్ ముప్పైకి నాకు యాభై అయిదు నిండుతాయి, ఇంటికి పంపిస్తారు. జాగీర్దారు పెట్టిన జాగీరు బడిలో ఇరవై అయిదేళ్లు చేసిన చాకిరీకి నా దగ్గర చిన్న కాగితం ముక్క కూడా లేదు. గొడవలైన నలభై ఎనిమిదిలో ఊరు విడిచిపోయి తిరిగొచ్చేసరికి కాగితాలున్న రేకుపెట్టె మాయమైంది. కాబట్టి మాది సర్కారు బడి అయిన నలభై తొమ్మిది అక్టోబరు ఒకటి నుంచే నా నౌకరీ మొదలైనట్టు లెక్క. ఎనిమిదేళ్లు కూడా నిండవు. పదేళ్లు నిండనివాడికి పింఛను లేదు. చేతిలో ఇంత పెట్టి దండం పెడతారు, అంతే. ఆ మాట శంకరమ్మకు ఎలా చెప్పాలా అని మూడు నెలలుగా నాలుక కరుచుకుని తిరుగుతున్నాను.

గుమాస్తా హన్మయ్య మంచివాడే. ఉర్దూ అంకెలు చదువుతాడు కానీ అక్షరాలు అంతంతమాత్రం. పుస్తకం నా ముందుకు జరిపి, "మీరు నసీబున్నోళ్లు సార్. మీకింక ఎనిమిదేండ్లున్నది," అన్నాడు.

"ఏం ఎనిమిదేళ్లు?"

"నౌకరీ సార్. అరవై అయిదు జూన్ల దిగిపోతరు."

చూశాను. పుట్టిన తేదీ అని ఉన్నచోట 1910 జూలై 1 అని ఉంది.

ఒక్క నిమిషంలో అర్థమైపోయింది. పాత పుస్తకంలో నేను పుట్టింది 1320లో. అది హిజ్రీ, చంద్రుడి లెక్క. నన్ను చిన్నప్పుడు బడిలో వేసుకున్న మౌల్వీసాబు హిజ్రీలో తప్ప రాసేవాడు కాదు. 1320లోంచి అందులో ముప్పై మూడో వంతు, అంటే నలభై, తీసేసి ఆరువందల ఇరవై రెండు కలిపితే 1902. కానీ నిజాం సర్కారు కచ్చేరీలు ఫస్లీ అనే పంటల సంవత్సరాల్లో నడిచేవి. ఫస్లీకైతే అయిదువందల తొంభై కలిపితే సరిపోతుంది. హన్మయ్య అందరికీ కలిపినట్టే నాకూ కలిపేశాడు. 1910! అంకె పక్కన హిజ్రీ అని తెలిపే చిన్న గుర్తు ఉండాలి. ఆ సిరా ఎప్పుడో వెలిసిపోయింది.

ఈ మార్పిడి లెక్క ఏటా ఏడో తరగతికి చెప్పేది నేనే. ఇదే తప్పు చేసినందుకు ఎంతమంది చెవులు మెలిపెట్టానో!

"అంత సరిగున్నది గద సార్?" అన్నాడు హన్మయ్య.

నేను సంతకం పెట్టాను.

ఏప్రిల్ 10

రాత్రంతా లెక్క వేశాను. నాకు ఎనిమిదేళ్లు అక్కర్లేదు. నేను అంత దురాశపరుణ్ని కాదు. పదేళ్లు నిండడానికి ఇంకా రెండేళ్ల మూడు నెలలు కావాలి. 1959 సెప్టెంబరు 30. ఆ రోజే వికారాబాద్ పోయి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

అయినా ఆ 1320 మాత్రం నిజమని ఎవరు చూశారు? మా అయ్య ఎంకయ్య గొర్లు కాసుకునేవాడు. పిల్లవాడు ఎప్పుడు పుట్టాడని మౌల్వీసాబు అడిగితే, గొర్లకు గాలికుంటు రోగం వచ్చిన ఏడాది పుట్టిండు అన్నాడట. దాన్నిబట్టి ఆయన వేళ్లు మడిచి ఏదో రాశాడు. గాలికుంటు ఒక్క ఏడాదే వస్తుందా?

ఏప్రిల్ 14

కడుపులో దాచుకోలేక ఇబ్రహీంకు చెప్పేశాను. ఒకే బడిలో చదివాం, ఒకే జాగీరు బడిలో చెప్పాం. నాకంటే ఏడాది పెద్ద, నిరుడు దిగిపోయాడు. అన్ని కాగితాలకూ నకళ్లు తీసి పెట్టుకున్న జాగ్రత్తపరుడు కాబట్టి పూర్తి పింఛను తింటున్నాడు. ఆయన దాన్ని వజీఫా అంటాడు.

విని ఎంత నవ్వాడో! లోపలి నుంచి జమాలున్నీసా వదిన ఏమైందని కేకేసింది.

"గీ నర్సప్ప మొన్నటి దాంక నాకంటె ఏడాది చిన్న. ఇయ్యాల్టి సంది తొమ్మిదేండ్లు చిన్న! అరే, పెద్దోళ్లకు సలాం కొట్టుర బై!"

నేనూ లేచి సలాం కొట్టాను. ఇద్దరం కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం. టీ తాగాక మాత్రం నెమ్మదిగా అన్నాడు, "జర సోంచాయించు నర్సప్పా. వజీఫా అంటె ముసలితనంల తినే బువ్వ. గొంతుల ఇర్కొద్దు."

వీడెప్పుడూ ఇంతే. కడుపు నిండినవాడి మాటలు.

జూన్ 30, ఆదివారం

ఇవాళ నేను ముసలివాణ్ని కావాల్సిన రోజు. కాలేదు!

పొద్దున గడ్డం గీసుకుని, రేపటికి చొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చాను. శంకరమ్మ చూస్తూ కూర్చుంది. ఇక చెప్పక తప్పలేదు. కొత్త రాష్ట్రం వచ్చాక సర్కారు లెక్క మారింది, ఆ లెక్కలో నేను ఎనిమిదేళ్లు చిన్నవాణ్ని అన్నాను.

ఆమె వేళ్లమీద ఏదో లెక్కపెట్టింది. "అయితే నాకంటె చిన్నోనివైనవన్నట్టు! ఇగ నన్ను అక్కా అంటవా?"

"అంటా. పింఛను కూడా వస్తుంది అక్కా."

ఆ ఒక్క మాటకు ఆమె మొహం ఎలా విప్పారిందో రాయడం నా చేత కాదు. మాకు ధారూర్‌లో ఇచ్చిన బిడ్డ ఒక్కతే ఉంది. దాని ఇంటి కష్టం దానికుంది. మా ఇద్దరికీ ఆ పింఛనే దిక్కు. లోపలికి పోయి బెల్లం వేసి పాయసం పెట్టింది. రెండు గిన్నెలు తిన్నాను.

జూలై 8

బడికి ఒక కొత్త టీచరు వచ్చింది. షరీఫా, ధారూర్ అమ్మాయి. తండ్రి రైలు పట్టాల మీద పని చేస్తాడు. ఇరవై ఒక్కేళ్లుంటాయి. రోజూ రైల్లో వచ్చి పోతుందట. చేతిలో ఆర్డరు. "నర్సప్ప సార్ జాగలకు పంపిండ్రు," అంది నాతోనే.

దిగిపోయేవాళ్ల పాత పట్టిక చూసి పంపినట్టున్నారు. హెడ్‌మాస్టరు అటూ ఇటూ చూసి, నర్సప్పగారు దిగలేదు కదమ్మా, సరే వచ్చావు, చిన్న తరగతులు చూసుకో, తాత్కాలికం అని రాసుకుంటా అన్నాడు. పాపం ఆ అమ్మాయి, "మాఫ్ చేయిండ్రి సార్, నాకు ఎరుక లేదు," అని నాకు క్షమాపణ చెప్పింది.

పలక పట్టించే తీరు బాగుంది. నేర్చుకుంటుంది.

నవంబరు 19

ఈ నయాపైసలు వచ్చి నాకు మళ్లీ పడుచుతనం తెచ్చాయి. నలభై మంది పిల్లలు, నలభై గొంతులు. ఆరణాలకు ఎన్ని నయాపైసలురా అంటే ఒకడు ముప్పై ఏడంటాడు, ఇంకొకడు ముప్పై ఎనిమిది. వెనక బల్ల నుంచి భీమయ్య కొడుకు లేచి, "సార్, దుకాణపాయన తీస్కునేటప్పుడు ముప్పై ఎనిమిది, ఇచ్చేటప్పుడు ముప్పై ఏడు," అన్నాడు. గోడలు అదిరేలా నవ్వారు. ఆ సగం నయాపైస ఎక్కడికి పోయిందో వెతుకుతూ ఇంకో గంట గడిచింది. ఇంటి గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇంత సుఖం వదులుకుని ఇంట్లో కూర్చోమంటే ఎలా కూర్చుంటాను? పింఛను కోసం కాబట్టి సరిపోయింది.

1958 ఏప్రిల్ 30

సెలవులు. తాత్కాలికం వాళ్లను ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో మళ్లీ పెడతారు. షరీఫా హాజరు పట్టీ అప్పజెప్పి, "పోయొస్త సార్, పిలిస్తె జూన్ల వస్త," అని నవ్వుతూ పోయింది. రెండు నెలలు జీతం ఉండదు.

షరీఫాకు ఇంకా వయసుంది. నాకు కావాల్సింది ఏడాది అయిదు నెలలే.

జూలై 12

షరీఫా మళ్లీ వచ్చింది. ఆ మాట అలా ఉంచితే, జాగీరు బడి కాగితాల కోసం మూడో దరఖాస్తు పెట్టి వచ్చాను. హన్మయ్య చేతులెత్తేశాడు. "జాగీరు బస్తాలు ఒక అర్ర నిండ ఉన్నయ్ సార్. ఎలుకలు చదువుతున్నయ్ గని మేం చదువుతలేం. అయినా మీ పేరు కనవడితె ఇడువ." ఆ కాగితాలు దొరికితే పాతికేళ్లు ఒక్కసారే కలుస్తాయి. పూర్తి పింఛను! నేను దీన్ని వదలను. ఏడాదికొకటి పెడుతూనే ఉంటాను.

1959 ఏప్రిల్ 30

షరీఫా పోయింది. ఇంకా వయసుంది ఆమెకు. అయిదు నెలలు.

సెప్టెంబరు 30, బుధవారం

పదేళ్లు! నిండాయి! పూర్ణ సంఖ్య!

హెడ్‌మాస్టరును అడిగి బోర్డు మీద ఊరికే పది అని పెద్దగా రాశాను. ఏమిటి సార్ అన్నారు పిల్లలు. చాలా అందమైన అంకెరా అన్నాను. ఇక నా ముసలిదాన్ని ఎవరూ పస్తు పెట్టలేరు. అరకొర పింఛనే కావచ్చు, పింఛను పింఛనే.

మాట ప్రకారం ఉత్తరం రాశాను. "నా జనన సంవత్సరము పొరపాటున ఫస్లీగా గణింపబడినది" అని మొదలుపెట్టి ఒక పేజీ. దస్తూరీ ముత్యాల్లా వచ్చింది. రేపు పోస్టులో వేస్తాను.

అక్టోబరు 1

ఇవాళ వీలు పడలేదు.

అక్టోబరు 5

అర్ధసంవత్సరం పరీక్షల నడుమ మాస్టరు దిగిపోతే పిల్లలు ఏమైపోతారు? పరీక్షలయ్యాక.

నవంబరు 2

ఈసారి ఏడో తరగతి గట్టి తరగతి. నలభై ముగ్గురిలో ముప్పై మందైనా గట్టెక్కుతారు. నేను మధ్యలో వదిలితే పది మంది. మార్చి పరీక్షలు దాటనీ. పిల్లల కోసం.

డిసెంబరు 17

ఇబ్రహీం అడిగాడు, "పదేండ్లు నిండినయ్ గద. చిట్టీ ఏసినవా?" వేస్తాను అన్నాను. "దేనికోసం ఆగినవ్?" అన్నాడు. కాగితాలు దొరికితే రెండూ ఒకేసారి చెప్పొచ్చని అన్నాను. అప్పటికప్పుడు తట్టిన జవాబు. ఇంటికి వస్తూ ఆలోచిస్తే అది కూడా సబబుగానే ఉంది.

1960 ఏప్రిల్ 29

పరీక్షలయ్యాయి. ముప్పై నలుగురు గట్టెక్కుతారని నా అంచనా. సంతోషంగా ఉండాల్సిన రోజు.

సాయంత్రం షరీఫా హాజరు పట్టీ తెచ్చింది. ఈసారి నవ్వలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"సార్, ఒక మాట అడుగుత, కోపం చేయొద్దు. మీరెప్పుడు దిగిపోతరు?"

"అరవై అయిదులోనమ్మా." నోరు ఎంత సులువుగా పలికిందో.

"అయితే నాకు పర్మనెంటు కాదు సార్. వచ్చే ఏడు మే నెలల నాకు ఇరవై అయిదు నిండుతయ్. అటెన్క పర్మనెంటుకు తీస్కోరట. జూన్ల పిలిస్తె ఈ ఒక్క ఏడు వస్త. గది గడిస్తె ఇగ కుట్టుపని నేర్చుకుంట."

"నీ వయసు కాగితం ఒకసారి చూపించు, ఏమైనా..." అన్నాను. ఎందుకన్నానో!

"మాది రైల్వే దవాఖానల రాసిన తారీకు సార్. అటు ఇటు జరగది."

ఆమె పోయాక చాలాసేపు బల్ల దగ్గరే కూర్చున్నాను. షరీఫాకు వయసుంది, వయసుంది అని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాసుకున్నాను? వెనక్కి తిప్పి చూడబుద్ధి కాలేదు. ఆమె దగ్గర ఉన్న వయసంతా తిన్నది నేనే.

జూన్‌లో చెబుతాను. బడి తెరిచిన రోజునే.

జూన్ 20

షరీఫాను పిలిచారు, వచ్చింది. కొత్త ఏడో తరగతిలో యాభై ఒక్కరు! గది చాలడం లేదు, వరండాలో కూడా కూర్చున్నారు. ఎంత సందడి!

చెప్పలేదు.

ఆగస్టు 11

దొరికింది! దొరికింది! దొరికింది!

హన్మయ్య కార్డు రాశాడు, మీ పేరు కనిపించింది రండి అని. సెలవు పెట్టి పొద్దున్నే రైలెక్కాను. ధారూర్ స్టేషనులో రైలు ఆగితే దిగి తోద్దామా అనిపించింది. నన్ను చూడగానే హన్మయ్య కుర్చీలోంచి లేచి ఎగిరాడు. ఒళ్లంతా దుమ్ము, మీసాల మీద కూడా. "ముప్పై ఏడో బస్తా సార్! అడుగున ఉన్నది!"

జాగీరు ముద్ర చెక్కు చెదరలేదు. 1924 నుంచి 1949 దాకా ప్రతి ఏడాదీ, ప్రతి సెలవూ ఉంది. ఒకసారి గడ్డం గీసుకోకుండా వచ్చినందుకు హెచ్చరిక కూడా ఉంది! నా పాతికేళ్లు. కాగితాన్ని కళ్లకద్దుకున్నాను. హన్మయ్య కళ్లు తుడుచుకున్నాడు, దుమ్మని చెప్పాడు.

"ఉర్దూ గీకుడు గీకుడు రాసిండ్రు సార్, నాతోని కాదు. మీరే చదివి తర్జుమా చేసి ఇయ్యిండ్రి. నేను ఇన్‌స్పెక్టర్ సార్ ముంగట పెడ్త. ఇగ మీకు పూర్తి పింఛను ఆపెటోడు లేడు."

రైల్లో తాపీగా మొదటి పేజీ తీశాను. అప్పటిదాకా అది చదవనే లేదు. పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం. 1320. పక్కన హిజ్రీ గుర్తు నిన్న రాసినంత నల్లగా ఉంది. అది చాలనట్టు కింద అక్షరాల్లో: దీనికి సరియగు ఫస్లీ 1312.

ఇది ఇస్తే పూర్తి పింఛను. ఇస్తే బడి లేదు.

ఆగస్టు 13

రెండు తర్జుమాలు చేశాను.

మొదటిదాంట్లో జన్మ సంవత్సరం 1320 ఫస్లీ. అంత చిన్న మాట. హన్మయ్య చదవలేడు. కొత్త ఇన్‌స్పెక్టరు గుంటూరు నుంచి వచ్చాడు, ఉర్దూ ఓనమాలు కూడా రావు. పాతికేళ్లూ కలుస్తాయి, ఇంకా అయిదేళ్లు బడీ ఉంటుంది. రెండు చేతుల్లో రెండు లడ్లు.

రెండోదాంట్లో ఉన్నదున్నట్టు.

రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. శంకరమ్మ వచ్చి, "కాయితం దొరికింది గద. పూర్తి పింఛను అంటివి. ఇగ ఎందుకట్ల మొకం ఏలాడేసినవ్?" అంది.

 జవాబు దొరికాక ఆమెకు చెప్పడానికి సిగ్గేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మూడేళ్లుగా పింఛను కోసం, పింఛను కోసం అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇవాళ పింఛను చేతికొచ్చింది. నాకు సంతోషం లేదు. నేను ఆగింది బువ్వ కోసం కాదు. ఆ యాభై ఒక్క మంది నోళ్లు తెరిచి చూస్తుంటే బోర్డు ముందు నిలబడడం కోసం. అది లేకపోతే నేను ఎవరినో నాకు తెలియదు. భయంతో ఒక ఆడపిల్ల అన్నం మీద మూడేళ్లు కూర్చున్నాను.

మొదటి తర్జుమా పొయ్యిలో పెట్టాను. శంకరమ్మకు అన్నీ చెప్పాను, హిజ్రీ, ఫస్లీ, సంతకం, అన్నీ.

ఆమె పొయ్యిలో బూడిద ఎగదోసింది. తర్వాత, "సర్కారు లెక్క మారిందంటె నేను గంత పిచ్చిదాన్నా? బడి ఇడిస్తె సస్తవేమో అని ఊకున్న," అంది.

ఆగస్టు 16

ఇన్‌స్పెక్టర్ గారు తర్జుమా చదివి, కొత్త పుస్తకం తెప్పించి పక్కన పెట్టుకున్నారు. సన్నగా, శుభ్రంగా ఉంటాడు. హన్మయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. తను చేసిన తప్పు అప్పటికి తెలిసి వాడి మొహంలో నెత్తురు లేదు.

"ఏవండీ మాస్టారూ, అయితే మీరు యాభై ఏడులోనే దిగిపోవాలి కదండీ."

"అవును సార్."

"గుమాస్తా పొరపాటన్నమాట. ఈ కాగితం చూశాకే కదూ మీకూ తెలిసింది?" అని కలం ఎత్తి పట్టుకున్నాడు. "అలా అని ఒక్క ముక్క రాసిస్తే ఇక మీ మీదికి ఏమీ రాదు. అతని సంగతి నేను చూసుకుంటాను."

అవును అంటే అయిపోయేది. ఆ మూడు అక్షరాలు కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు.

"లేదు సార్. సంతకం పెట్టినప్పుడే తెలుసు. 1957 ఏప్రిల్ తొమ్మిది, పొద్దున పదకొండు గంటలప్పుడు. ఈ లెక్క పిల్లలకు చెప్పేదే నేను. హన్మయ్య అంతా సరిగా ఉందా అని అడిగాడు కూడా. ఉందన్నట్టు సంతకం పెట్టాను."

కలం దించాడు. "ఇలాగే రాయమంటారా? తెలిసి చేశారంటే పింఛను మొత్తానికే పోవచ్చు. పైవాళ్ల చేతిలో పని."

"రాయండి సార్."

 ఒక సంగతి దాచుకోను. ఆ మాట అంటున్నప్పుడు, బోర్డు మీద మొండి లెక్క తేలినప్పుడు వచ్చే సంతోషం వచ్చింది. ఆ ఒక్క నిమిషం నేను భయపడలేదు.

బయటికి వచ్చాక హన్మయ్య నా చేయి పట్టుకుని వదల్లేదు.

ఆగస్టు 31

దిగిపోయాను. ఏడో తరగతి షరీఫాకు అప్పజెప్పాను. పర్మనెంటా కాదా ఆర్డరు రావాలి.

అక్టోబరు 9

ఏమీ రాలేదు. పింఛను గురించి ఒక్క ముక్క లేదు. బియ్యం ఇబ్రహీం పంపించాడు. వద్దంటే, "నేను తొమ్మిదేండ్లు పెద్దోన్ని, ఎదురు చెప్పకు," అన్నాడు.

నవంబరు 26

పొద్దున ఏం చేయాలో తెలియడం లేదు. స్టేషను దాకా నడిచి వెనక్కి వస్తున్నాను. పింఛను రాకపోతే ఈ నోరుతోనే కదా పోగొట్టాను అని ఒక్కోసారి అనిపిస్తుంది. మళ్లీ అడిగినా అదే చెబుతాననీ అనిపిస్తుంది. శంకరమ్మ ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. అదే భరించలేకుండా ఉన్నాను.

1961 జనవరి 18

వచ్చింది! రిజిస్టరు పోస్టు. సంతకం పెడుతుంటే పోస్టుమాను, పంతులుసాబ్ చేయి గట్టిగ పట్టుకోండ్రి అని నవ్వాడు.

పింఛను ఇచ్చారు. జాగీరు బడి పాతికేళ్లూ, సర్కారు బడి ఏడేళ్ల తొమ్మిది నెలలూ కలిపి పూర్తి పింఛను! నేను దిగిపోయినట్టు లెక్క 1957 జూన్ 30న. ఆ తర్వాత చేసిన మూడేళ్ల రెండు నెలలు నౌకరీ కిందికి రాదు. ఆ రోజుల్లో జీతమని ఎక్కువ తీసుకున్నది నెలనెలా పింఛనులో కోస్తారు. తానే ఒప్పుకున్నందువల్ల ఇంతకు మించి శిక్ష లేదని చివర ఒక వాక్యం.

నాలుగుసార్లు గట్టిగా చదివాను. శంకరమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, తర్వాత నవ్వింది.

"అంటె గా మూడేండ్లు నువ్వు ఫుకట్ల చెప్పినట్టా?"

"ఫుకట్‌లోనే, జీతం లేకుండానే."

"మస్తు చెప్పినవ్ పో!"

కోసినా మా ఇద్దరికీ సరిపోతుంది. కోయనీ. ఇవాళ ఎంత తేలిగ్గా ఉందంటే, రోడ్డు మీద కనిపించిన ప్రతివాడికీ నేను యాభై ఎనిమిదేళ్ల వాణ్ని అని చెప్పాలనిపించింది. బిచ్చయ్య కొట్టు దగ్గర ఇద్దరికి చెప్పాను కూడా. వాళ్లు అడగలేదు.

ఒక్క చిన్న ముల్లు ఉంది. ఆ మూడేళ్లూ బాగా చెప్పాను. నా నౌకరీ మొత్తంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. అవే లెక్కలోకి రాకుండా పోయాయి.

ఫిబ్రవరి 12, ఆదివారం

మధ్యాహ్నం భోజనాలవుతుండగా షరీఫా వచ్చింది, తండ్రిని వెంటబెట్టుకుని, ధారూర్ నుంచి జిలేబీ పొట్లంతో. ఆయన గుమ్మంలోనే నిలబడి నాకు సలాం చేశాడు. నేను తలెత్తి చూడలేకపోయాను.

"సార్, పర్మనెంట్ అయిన!" అంది. రైల్లో పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది. ఇరవై అయిదు నిండడానికి మూడు నెలల ముందు!

"మంచిదమ్మా. ఏ తారీఖు నుంచి?"

"గదే సార్ తమాషా! మీరు యాభై ఏడు జూన్ల దిగినట్టు రాసిండ్రు గద, అప్పటి సంది గా జాగ ఖాళీగున్నట్టట. నేను గా జాగలకే వచ్చిన గద. అందుకని 1957 జూలై సంది నేనే ఆ జాగల పని చేసినట్టు లెక్క కట్టిండ్రు. నడుమ ఎండకాలాలు సుత కలిపిండ్రు. నాకు మూడేండ్లు ఎక్కువ కలిసినయ్ సార్, నా పింఛనుకు సుత!"

 ఆర్డరు ఆమె చేతిలోంచి తీసుకుని వెలుగులోకి పోయి చదివాను. నిజమే. తారీఖుకు తారీఖు సరిపోయింది. నా దగ్గర కోసేసిన చోటే ఆమె దగ్గర కలిపారు. శేషం సున్నా.

శంకరమ్మ వాళ్లిద్దరికీ పీటలు వేసి అన్నం వడ్డించింది. నేను జిలేబీ తింటూ, ఏడుస్తూ, నవ్వుతూ ఏదేదో వాగాను. షరీఫా బెదిరిపోయి నీళ్లిచ్చింది.

వాళ్లు రైలుకు పోయాక ఈ పుస్తకం తీశాను. సర్కారు కాగితాల ప్రకారం 1957 జూలై నుంచి తాండూరు బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పింది షరీఫా. ఆరణాలకు ఎన్ని నయాపైసలో చెప్పి గోడలు అదిరేలా నవ్వించింది షరీఫా. నిరుడు ముప్పై నలుగురిని గట్టెక్కించింది షరీఫా.

చాలా బాగా చెప్పింది.